మొదటి సూది వేసిన చెయ్యి

నాకు హస్తవాసి లేదు. ఇది నా మాట కాదు. కోవిల్‌పట్టిలో నేను పనిచేసిన ఆసుపత్రికి కాన్పులకు వచ్చే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ మాట. పసిపిల్లల వార్డులోనే నా ఉద్యోగమంతా గడిచింది. చివరి కొన్నేళ్ళు ఆ వార్డుకు నేనే ఇన్‌ఛార్జి సిస్టర్ని. ఎవరికీ దొరకని నరం నాకు దొరికేది. సూది వేస్తే బిడ్డ ఏడుపు అందుకునేలోపే నా పని అయిపోయేది. ఇంత ఉన్నా హస్తవాసి మాత్రం నా పక్కన పనిచేసిన ఇంకొకామెకు ఉంది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నర్సింగ్ చదువుకునే పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరకు వస్తుంటారు. మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి మేడమ్ అంటారు. ఏదో ఘనకార్యం వింటామని వాళ్ళ ఆశ. నాకు గుర్తున్న కేసు ఒకటే. అందులో మొదటినుంచి చివరిదాకా నేను కుళ్ళుకుంటూనే ఉన్నాను. చివర్లో మారిపోయి మంచిదాన్నైపోతానని మాత్రం ఎదురుచూడకండి.

పేర్లు చెప్పను. ఆ కేసువాళ్ళ ఊరు కూడా తాయిల్పట్టి చుట్టుపక్కల ఏదో ఒకటి అనుకోండి. మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం, రాయడం నెల్లూరులో నర్సింగ్ చదివేటప్పుడు పట్టుబడ్డాయి. అక్కడ నేను నోరు తెరిస్తే హాస్టల్ పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళ ముత్తవ్వలు అలా మాట్లాడేవాళ్ళట.

హస్తవాసి ఉందన్న ఆ రెండో ఆమెది తిరుత్తంగల్. ఆమె ఇంట్లోనూ తెలుగే. వాళ్ళ నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు, ఆదివారం ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్ళేవాళ్ళు. మేమిద్దరం కొంచెం అటూ ఇటూగా ఒకే సమయంలో ఉద్యోగంలో చేరాం. నాకంటే చిన్నది కాబట్టి నన్ను అక్కా అనేది. ఆమెకు పేరు ఎలా వచ్చిందో చెప్తాను. ఒకసారి ఒక బిడ్డ పుట్టి ఏడవలేదు. గొంతులోకి గొట్టం వేసి గాలి ఊదింది డాక్టరు. గుండె మీద రెండు వేళ్ళు పెట్టి నొక్కుతూ ఉన్నది నేను. ఆమె బిడ్డ కాలికి పేరు చీటీ కట్టడానికి వచ్చింది. చీటీ కట్టింది, బిడ్డ కేరుమంది. తలుపు సందులోంచి చూస్తున్న వాళ్ళ అమ్మమ్మకు డాక్టరూ కనబడలేదు, నేనూ కనబడలేదు. ఆయమ్మ ముట్టుకుంటే పోయిన ప్రాణం వచ్చిందని సాయంత్రానికల్లా బస్టాండు దాకా పాకిపోయింది.

అప్పట్నుంచి ఆమె కోసం మనుషులు రావడం మొదలుపెట్టారు. ఎవరింట్లో కాన్పైనా ఆమెకు ఏదో ఒకటి తెచ్చేవాళ్ళు, తాటిబెల్లమో, చిక్కీ పొట్లమో, పొలంలో మొదట కోసిన దోసకాయో. ఆమె టిఫిన్ సంచీ ఇంటికి వెళ్ళేటప్పుడు వచ్చినదానికంటే బరువుగా ఉండేది. దాచుకునే మనిషి కాదు, అందరికీ పంచేది. నాకు పెట్టబోతే, చక్కెర జబ్బమ్మా నాకొద్దు అని అబద్ధం చెప్పేదాన్ని. తర్వాత అది నిజంగానే వచ్చింది.

మా వైపు ఒక ఆచారం ఉంది. పుట్టిన బిడ్డ నాలుక మీద మొదటి తీపి చుక్క ఎవరు పెడితే వాళ్ళ గుణం, వాళ్ళ అదృష్టం బిడ్డకు వస్తాయని నమ్మకం. దాన్ని సేనై అంటారు. ఇంట్లో మంచి పేరున్న మనిషిని వెతికి మరీ పెట్టిస్తారు. ఆసుపత్రిలో తల్లిపాలు తప్ప ఏదీ నోట పెట్టకూడదు కదా, మేము ఆ తీపి చుక్కను మాన్పించాం. మాన్పించామని సంబరపడ్డాం కానీ, జనం ఆచారాన్ని వదిలెయ్యలేదు. ఇంకోదాని మీదికి మార్చుకున్నారు. పుట్టగానే ప్రతి బిడ్డకూ తొడ మీద ఒక సూది వేస్తాం. పసిబిడ్డల నెత్తురు తొందరగా గడ్డకట్టదు, ఎక్కడైనా చిట్లితే ఆగకుండా కారిపోవచ్చు. అలా కాకుండా కాపాడే విటమిన్ సూది అది. బిడ్డ ఒంటిని మొదట తాకేది అదే గనక, అది ఎవరి చేత్తో పడాలన్నది వాళ్ళకు పెద్ద సంగతైంది. ఇంక చెప్పాలా, అందరికీ తిరుత్తంగల్ ఆమె చెయ్యే కావాలి.

ఆమెకు సాయంత్రం డ్యూటీ ఉన్నరోజుల్లో పొద్దున పుట్టిన బిడ్డలకు సూది ఆగేది. చిన్న నర్సులు ముసలమ్మల పోరు పడలేక, సరే అవ్వా, అక్క వచ్చాక వేస్తుందిలే అనేవాళ్ళు. కేస్‌షీట్లో మాత్రం పుట్టగానే వేసినట్టు సంతకాలు పడేవి. ఈ సంగతి తెలిసినప్పుడు నేను వార్డు అదిరిపోయేలా కేకలేశాను. పుట్టిన గంటలోపు పడాల్సిన సూదిని ఎవరి కోసమూ ఆపడానికి వీల్లేదని, ఆపితే ఇంటికి పంపించేస్తానని చెప్పాను. నేనన్నది సరైన మాటే. అది సరైన మాట కాబట్టి అన్నానా, ఆమె కోసం ఆపుతున్నారని అన్నానా అని ఎవరైనా అడిగి ఉంటే జవాబు చెప్పలేకపోయేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఒక అమ్మాయికి మగబిడ్డ పుట్టాడు. ఆ అమ్మాయి బాణసంచా ఫ్యాక్టరీలో కాగితం గొట్టాలు చుట్టే పనికి వెళ్ళేది. భర్తదీ అదే పని. అంతకుముందు ఒక బిడ్డ వేరేచోట పుట్టి వారం తిరక్కుండానే పోయింది. తలలో నెత్తురు కారిందని చెప్పారట, ఎందుకు కారిందో ఎవరికీ తెలీదు. బాణసంచా మందు తొక్కిన కాళ్ళతో, మందు అంటిన చేతులతో తిరిగి బిడ్డను చంపుకుందని అత్తగారు ఇన్నేళ్ళూ కోడల్నే అంటూ వచ్చింది. ఈ బిడ్డ దక్కకపోతే కోడలి గతి ఏమిటో ఆ అమ్మాయి ముఖంలోనే రాసి ఉంది. కాన్పు గదిలో నొప్పులకు కూడా గట్టిగా అరవలేదు.

నేను బిడ్డను తుడిచి, సూది మందు ఎక్కిస్తుంటే అత్తగారు తలుపు దగ్గరికి వచ్చింది. నన్ను చూడగానే మనవాళ్ళేనని పోల్చుకుని, సూదిని ఊసి అనే మా ఊళ్ళ తెలుగులోకి దిగింది.

"నర్సమ్మా, ఒగ మాట. మొదటి ఊసి ఆ తిరుత్తంగలాయమ్మే వెయ్యాల. ఆయమ్మ వచ్చేదాకా కొంచం ఉండు."

"ఆయమ్మ వచ్చేది సాయంత్రం అవ్వా. అంతదాకా ఆగకూడదు."

"ఆగితే ఏం పోతాది? ముందు బిడ్డకు ఎవురో వేసిరి. ఏమాయ? నీకు రొంబ పుణ్యం, కొంచం ఉండు."

"నేను వేస్తే మందు పని చెయ్యదా? ఆయమ్మ వేసేది దీన్నే, నేను వేసేదీ దీన్నే."

"మందు ఒగటే, చెయ్యి ఒగటే కాదు గదమ్మా," అంది ముసలామె. తిట్టినట్టు కూడా అనలేదు, నాకు తెలియని సంగతి చెప్పినట్టు అంది.

ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె చూస్తుండగానే బిడ్డ తొడ మీద సూది వేసేశాను. ముసలామె నోట్లో కొంగు కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది.

బిడ్డ రెండు రోజులు బాగానే ఉన్నాడు. పాలు తాగాడు, పసుపచ్చగా మారలేదు. మూడో రోజు పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి తల్లి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, పాలు పట్టడం లేదని ఏడుస్తోంది. చూస్తే బిడ్డ పాలిపోయి ఉన్నాడు. కుడిచెయ్యి ఆగకుండా తాళం వేసినట్టు కొట్టుకుంటోంది. నడినెత్తి మీది మెత్తటి చోటు ఉబ్బి గట్టిగా తగిలింది. బిడ్డను లోపలికి తీసుకుపోయి ఆక్సిజన్ పెట్టి డాక్టరును పిలిపించాను.

వచ్చింది కొత్తగా చేరిన కుర్ర డాక్టరు. మెత్తటి చోటులోంచి స్కాన్ చేసి చూస్తే మెదడులో నెత్తురు. మూడో రోజున ఇలా నెత్తురు కారిందంటే మొదట అనుమానించేది ఆ విటమిన్ లోపాన్నే. ఆ అబ్బాయి కంగారులో ఆ సూదిని ఇంకోసారి వేసేసి, తర్వాత పరీక్షకు నెత్తురు తీశాడు. వరస తిరగబడింది. ముందు నెత్తురు తీసి ఉంటే మొదటి సూది పడిందో లేదో పరీక్షే చెప్పేది. ఇప్పుడు ఏ పరీక్షా చెప్పలేదు. బిడ్డ బతకడం కోసం అతను చేసింది తప్పని నేను అనను. కానీ నా నోట మన్ను పడింది.

పెద్ద డాక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. కుర్ర డాక్టరు ఉన్నాడు, మేట్రన్ ఉంది. బయట వరండాలో ముసలామె గోడు మొదలుపెట్టింది. వద్దంటే వినకుండా వేసింది, ఆ చెయ్యి మంచిది కాదు, నా మనవడిని మింగేసింది అని అటు వచ్చినవాళ్ళకీ ఇటు పోయినవాళ్ళకీ చెప్తోంది. ఆమె కనీసం నేను వేశాననే అంటోంది. గదిలో వాళ్ళకు అనుమానం వేరే ఉంది.

"ఆ ముసలామె ఆగమని అడిగిందట కదా," అన్నాడు పెద్ద డాక్టరు. "వాళ్ళ పోరు పడలేక ఆపారా? ఆపి తర్వాత మరిచిపోయారా? ఉన్నదున్నట్టు చెప్పండి."

"వేశాను సార్. ఆమె కళ్ళముందే వేశాను. నేను వేశాననే కదా ఆమె ఏడుస్తోంది."

"వేశానని చెప్పి ఆమె నోరు మూయించారేమో. ఈ వార్డులో అలా జరిగింది కదా ఇంతకుముందు."

కేస్‌షీట్లో నా సంతకం ఉంది. ఆ సంతకాలు ఎలా పడతాయో నేనే కేకలేసి ఆసుపత్రంతా చాటింపు వేశాను కాబట్టి, దాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు. ఉద్యోగం పోతుందని అప్పుడు అర్థమైంది. ఉద్యోగం పోతే పోనీ, బిడ్డ దక్కకపోతే, సూది వెయ్యడం మరిచి బిడ్డను చంపిన నర్సు అని నా తర్వాత నా పిల్లలు కూడా వినాలి.

మేట్రన్ తిరుత్తంగల్ ఆమెను పిలిపించింది. ఈ బిడ్డకు సూది వెయ్యమని నీకేమైనా చెప్పారా అని అడిగింది. ఆమె నావైపు చూసింది. మాట్లాడింది తమిళంలోనే అయినా ఒక్కో మాటా నాకు ఇంట్లో తెలుగులో విన్నట్టే గుర్తుంది.

"నాకోసం అక్క ఆపిందంటే ఎవరు నమ్ముతారు సార్? నాకు పేరొచ్చే పని ఏదీ ఈమె నాదాకా రానివ్వదు. ఆ ముసలామె నా పేరు ఎత్తిందంటే చాలు, బొడ్డు కోసిన తడి ఆరకముందే వేసేసి ఉంటుంది. నేనంటే అంత ఈర్ష్య అక్కకు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఆమె చెయ్యి ఆగదు సార్, ఒట్టేసి చెప్తాను."

కుర్ర డాక్టరు బూట్లు చూసుకున్నాడు. మేట్రన్ పెదవి బిగపట్టింది, నవ్వు ఆపుకోవడానికేనని నాకు తెలుసు. అంటే వీళ్ళందరికీ తెలుసు. నేను కడుపులో దాచుకుని, పైకి పెద్దమనిషిలా తిరుగుతున్నాననుకున్నది, స్వీపరమ్మ దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ తెలిసిన కబురే. భూమి చీలితే బాగుండుననిపించింది. పెద్ద డాక్టరు మాత్రం ముఖం తేలికపడి, అవును, అది నిజమే అన్నాడు.

నా సంతకాన్ని నమ్మనివాళ్ళు నా కుళ్ళును నమ్మారు. తోటి పనివాళ్ళు మిమ్మల్ని ఎంత బాగా ఎరుగుదురో మీరెప్పటికీ ఎరగరు పిల్లలూ, జాగ్రత్తగా ఉండండి.

"సరే, విరుదునగర్‌కు పంపిద్దాం," అన్నాడు పెద్ద డాక్టరు. "పిల్లల మెదడు చూసే డాక్టరమ్మ అక్కడుంది. ఆమె ఏం చెప్తుందో చూసి మిగతాది మాట్లాడదాం. మీరే బిడ్డతో వెళ్ళండి."

అంబులెన్సులో సామాను సర్దడానికి తిరుత్తంగల్ ఆమె వచ్చింది. ఆమె ముఖం చూడకుండా అడిగాను, నాకు ఈర్ష్య అని అందరిముందూ చెప్తావా అని.

"చెప్పకుంటే నీ వేల, నీ ఉద్యోగం పోతాది గదక్కా."

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నువ్వు చిక్కీ వొద్దన్నప్పట్నుంచే." గాలి గొట్టం చుట్టచుట్టి నా చేతికిచ్చింది. "నాకు మాత్తం ఏం సుకం అక్కా. నా చెయ్యి పడిన బిడ్డ ఒగటి పోనీ, చూస్తావు. ఈ ఊళ్ళే నన్ను రాళ్ళెత్తి కొడతాయి. దినమూ బయమే."

ఆ భయమేదో నాకిచ్చెయ్యవే, నేను భరిస్తాను అనాలనిపించింది. అనలేదు. మంచి మాట కూడా ఏదీ అనలేదు. తలుపు వేయించుకుని బయల్దేరాను.

విరుదునగర్ డాక్టరమ్మ నా కూతురంత ఉంటుంది. బిడ్డను చూసి, పెద్ద స్కాన్ తీయించి, కుడివైపు ఎడమవైపు చాలాసేపు చూసింది. తర్వాత బిడ్డ తండ్రినీ నన్నూ ముసలామెనూ లోపలికి పిలిచింది.

"ఇదిగో, ఇక్కడ తెల్లగా ఉన్నది కొత్త నెత్తురు," అంది. "రెండోవైపు చూడండి, ఉసిరికాయంత ఖాళీ ఉంది. అది గాయం మానిపోయిన చోటు. అక్కడ ఎప్పుడో నెత్తురు కారి, ఆరి, గుంట పడింది. అది ఆరడానికి వారాలు పడుతుంది. బిడ్డ పుట్టి మూడు రోజులే కదా."

అప్పుడు నాకు అర్థమైంది. మొదటిసారి నెత్తురు కారింది కడుపులో ఉండగానే. ఏ సూదీ పడకముందే. ఎవరి చెయ్యీ తాకకముందే.

డాక్టరమ్మ ఇంక స్కాన్ వదిలేసి ఆ తండ్రిని చూడటం మొదలుపెట్టింది. అతని కళ్ళకు సోడాబుడ్డి అద్దాలు. ఎప్పట్నుంచి అని అడిగింది. ఇరవై దాటగానే రెండు కళ్ళకూ పొరలు వచ్చి ఆపరేషన్ అయిందన్నాడు. కాళ్ళు పట్టేస్తాయా అంటే, పిక్కలు పట్టేసి పని మధ్యలో కూలబడిపోతానన్నాడు. మీ ఇంట్లో ఎవరికైనా చిన్నప్పట్నుంచి ఒక పక్క చెయ్యీ కాలూ స్వాధీనంలో లేవా అని అడిగింది. అతను తల్లి వైపు చూశాడు. ముసలామె, నా కూతురికి పోలియో అంది.

"పోలియో కాకపోవచ్చు అవ్వా," అంది డాక్టరమ్మ.

ఆమె చెప్పింది మీకు తేలికమాటల్లో చెప్తాను. మన నెత్తురు గొట్టాల గోడలు గట్టిగా నిలబడటానికి లోపల నారలాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో లోపముంటే ఆ గోడలు నాసిగా ఉంటాయి. పెద్దవాళ్ళలో అది కంటి పొరగానో, పిక్కనొప్పిగానో బయటపడి ఊరుకోవచ్చు. అదే లోపం బిడ్డకు వస్తే కడుపులో ఉండగానో, కాన్పులో తల నలిగినప్పుడో మెదడులో గొట్టం చిట్లిపోవచ్చు. చాలా అరుదైన జబ్బు. నేను నా సర్వీసంతా ఎన్ని తలలు పట్టుకున్నానో, దీని పేరు ఆరోజే విన్నాను. పరీక్షకు నెత్తురు చెన్నై పంపిస్తానని, రావడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పింది. మా పెద్ద డాక్టరుకు అప్పుడే ఫోన్ చేసి, మీ సిస్టర్ తప్పేమీ లేదని కూడా చెప్పింది.

నేను బయటికి వచ్చి గోడకానుకుని నిలబడ్డాను. నా ఉద్యోగం దక్కింది. అంతకంటే పెద్ద సంబరం ఇంకొకటి లోపల పొంగుతోంది. ఈ బిడ్డ విషయంలో నా చెయ్యి చెడ్డది కాదు. చెడ్డ చెయ్యి అనేది లేకపోతే మంచి చెయ్యి మాత్రం ఎక్కడుంటుంది? ఈ మాట కోవిల్‌పట్టి వార్డు నడిమధ్య నిలబడి, ఆ తాటిబెల్లం తెచ్చే ఆడవాళ్ళందరూ వినేలా, తిరుత్తంగల్ ఆమె ముఖం మీద చెప్పాలి. తిరుగు ప్రయాణమంతా దాన్నే మనసులో అల్లుకుంటూ వచ్చాను.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నా తప్పు లేదని స్టాఫందరికీ చెప్పాడు. జబ్బు సంగతి మాత్రం పరీక్ష తేలేదాకా బయట పెట్టొద్దన్నాడు. నేను పళ్ళ బిగువున ఆగాను. బిడ్డ బతికాడు. విరుదునగర్‌లోనే చాలారోజులు ఉంచారు. కుడిచెయ్యి, కుడికాలు బలహీనపడ్డాయి కానీ పాలు తాగుతున్నాడు, తల్లిని చూసి కళ్ళు తిప్పుతున్నాడు. పరీక్ష ఫలితం వచ్చిన రోజు నేను సెలవు పెట్టి మరీ వెళ్ళాను. డాక్టరమ్మ అనుకున్నదే నిజమైంది. జబ్బు తండ్రి వైపునుంచి వచ్చింది. కోడలి చేతులకంటిన మందుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. డాక్టరమ్మ ఆ మాట చెప్తుంటే కోడలు బిడ్డను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది, అంతే.

బయట ఎదురుగా పరోటా కొట్టు ఉంది. నాకు టీ తాగాలనిపించి అక్కడ కూర్చున్నాను. మిరపకాయల గోడౌన్ల వైపునుంచి గాలి వీచి తుమ్ములు వస్తున్నాయి. ముసలామె నన్ను వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. చుట్టూ తమిళం మాట్లాడేవాళ్ళే, అయినా గొంతు బాగా తగ్గించింది.

"కూతురా, ఒగటి అడుగుతాను. కోపం పడొద్దు."

"అడుగవ్వా."

"నా కూతురికి ఒగ బిడ్డ ఉండాది. నిశ్చయం అయిండాది. మాఘంలో పెండ్లి. మా నెత్తురు ఇట్లాంటిదని తెలిస్తే ఎవురు చేసుకుంటారు? నా బిడ్డ చెయ్యి పోలియో అని చెప్పిండాము."

నేను టీ గ్లాసు అందుకున్నాను.

"ఊళ్ళో అందురూ నీ చెయ్యే అనుకుంటా ఉండారు. అట్లనే పోనీ. నువ్వు కాదనొద్దు. నీకు సర్కారు పింఛను లేకున్నా జీతం ఉండాది, మొగుడుండాడు. నీకు ఏం పోతాది? మాకు పిల్ల బతుకు పోతాది."

ఇంత ధైర్యం నేనెవరి దగ్గరా చూడలేదు. నా మీద దుమ్మెత్తి పోసిన మనిషి, ఆ దుమ్ము అలాగే ఉంచుకోమని బతిమాలుతోంది. రోగి సంగతి బయట చెప్పకూడదన్నది మా వృత్తి నియమం, అది నాకు తెలుసు. నేనెలాగూ చెప్పకూడదు. కానీ నోరు మూసుకోవడం వేరు, ఆ నిందను నాదేనని ఒప్పుకుని తలమీద పెట్టుకోవడం వేరు. ఒకామె ఏమీ చెయ్యకుండా మంచి పేరు మోసుకు తిరుగుతోంది. నేను ఏమీ చెయ్యకుండా చెడ్డపేరు మొయ్యాలా? ఏడుపొచ్చింది. టీ గ్లాసు కింద పెట్టేశాను.

"ఆ పిల్లకు చెప్పారా?" అన్నాను.

"ఏ పిల్లకు?"

"మాఘంలో పెళ్ళవుతున్న పిల్లకు. నీ మనవరాలికి. ఆ పిల్లకూ వచ్చి ఉండొచ్చు. కాన్పంటే ఆ పిల్లకు కూడా ఇదే గండం."

ముసలామె తల దించుకుంది.

"ఆ పిల్లకు చెప్పాల. చేసుకునే పిల్లోడికీ చెప్పాల. నిజం తెలిసి చేసుకుంటే చేసుకోనీ. ఊరికి చెప్పొద్దు, ఆ ఇద్దురికీ చెప్పు. కడుపుతో ఉంటే నేరుగా ఈ డాక్టరమ్మ దగ్గరికి రావాల. ఆ మాటిస్తే మిగిలింది నేను చూసుకుంటా."

సరి అంది. నా చెయ్యి పట్టుకోబోయి, ఎందుకో మానేసింది. ఇన్ని రోజుల అలవాటు.

పెళ్ళి జరిగింది. పిల్లోడికి చెప్పారని, అయినా చేసుకున్నాడని తర్వాత విన్నాను. నా సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ వైపు ఊళ్ళనుంచి కాన్పుకు వచ్చిన ఆడవాళ్ళు నేను మంచం దగ్గరికి వెళ్తే బిడ్డ మీద కొంగు కప్పేవాళ్ళు. నేను చిన్న నర్సును పిలిచి ఆ పని అప్పగించేదాన్ని. సూదులు మాత్రం ఆగలేదు, ఎవరి చేత్తోనైనా గంటలోపు పడ్డాయి. ఏం తేలింది అక్కా అని తిరుత్తంగల్ ఆమె ఎన్నోసార్లు అడిగింది. ఏమీ తేల్లేదు అన్నాను. ఆమెకు చెప్పాలని నాలుక ఎంత దురద పెట్టిందో ఆ దేవుడికే తెలుసు. ఆ రోజుల్లోనే ఆమె సంచీ ఇంకా బరువెక్కింది. నన్ను తప్పించుకున్నవాళ్ళు కూడా ఆమె దగ్గరికే కదా పోవాలి.

కొన్నేళ్ళకు ఆ కోడలు మళ్ళీ కడుపుతో ఉంది. ఈసారి మొదటినుంచీ విరుదునగర్‌లోనే చూపించుకున్నారు. తల నలగకుండా నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల స్కాన్ చేస్తే ఎక్కడా మరక లేదు. ఈ కబురు డాక్టరమ్మ ఫోన్‌లో చెప్తే నేను స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని కాసేపు కూర్చున్నాను.

మూడో నెలలో ముసలామె బిడ్డనెత్తుకుని మా వార్డుకు వచ్చింది. వెనక కోడలు, కుడికాలు ఈడ్చుకుంటూ పిల్లాడు, ఊరినుంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు. బిడ్డను తిరుత్తంగల్ ఆమె చేతిలో పెట్టి దీవెన తీసుకుపోవాలని వచ్చారు. ఆ కాన్పుతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. విరుదునగర్ డాక్టరమ్మ ఎవరో కూడా ఆమెకు తెలీదు. అయినా ఆమె బిడ్డను అందుకుంది, నుదుటి మీద వేలు పెట్టి ప్రార్థన చేసింది. ఆడవాళ్ళు చేతులు జోడించారు. నేను టేబుల్ దగ్గర నిలబడి చూస్తున్నాను. ఎప్పటిలాగే కుళ్ళుకుంటున్నాను.

అప్పుడామె నన్ను చూసింది. మంచి మనసుతోనే, అందరిముందూ నాకు పేరు తిరిగి ఇప్పించాలనే చేసిందని నాకిప్పటికీ నమ్మకం. బిడ్డను నా వైపు చాపింది.

"దా అక్కా, నువ్వు ఎత్తుకో."

ఊరి ఆడవాళ్ళు ఒక్కసారి వెనక్కి జరిగారు. అందరూ ముసలామె ముఖం చూస్తున్నారు. ముసలామె నా ముఖం చూస్తోంది. ఆ చెయ్యి మనవడిని మింగిందని ఇన్నేళ్ళు చెప్పిన మనిషి, అదే చేతికి మనవరాలిని ఎలా ఇస్తుంది? ఇస్తే, మరి ఆరోజు ఏమైందని దారిపొడుగునా అడుగుతారు. మాఘంలో పెళ్ళైన ఆ పెద్ద మనవరాలు అప్పుడు ఏడో నెల కడుపుతో ఉందని నాకు తర్వాత తెలిసింది. కోడలు మాత్రం, తీసుకోండమ్మా అన్నట్టు నన్నే చూస్తోంది.

బిడ్డ నిద్రలో పెదవులు చప్పరిస్తోంది. జుట్టు ఒత్తుగా ఉంది. నా చేతులు వాటంతటవే ముందుకు లేచాయి. లేచినవాటిని వెనక్కి తీసుకుని, వీపు వెనక కట్టుకున్నాను.

"నాకొద్దమ్మా," అన్నాను గట్టిగా, అందరికీ వినబడేలా. "నా చెయ్యి మంచిది కాదు."

ముసలామె కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఊరివాళ్ళు అది భయమనుకున్నారు. తిరుత్తంగల్ ఆమె నావైపు వింతగా చూసి, బిడ్డను గుండెకు హత్తుకుని, జోల పాడుతూ కిటికీ దగ్గరికి నడిచింది. బిడ్డను చేతిలోకి తీసుకోగానే తూకం లేకుండా బరువు చెప్పేస్తానని వార్డులో అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళు. ఆ పిల్ల ఎంత బరువుందో నాకు తెలీదు.